రోహిణి కార్తె, రబ్బరు వయసు: బెజవాడలో పాత కార్ట్రిడ్జ్‌ల సంగతి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, విజయవాడ ఎండకు నిజంగానే చెడిపోయే వస్తువు ఒకటుంది. రికార్డు ప్లేయరు చేతి చివర, అగ్గిపెట్టెలో సగమైనా ఉండని కార్ట్రిడ్జ్ అది. పాత కార్ట్రిడ్జ్‌లు సేకరించేవాళ్ల మాటల్లో కంపెనీ పేరు వినిపిస్తుంది, తయారైన సంవత్సరం వినిపిస్తుంది, వజ్రాన్ని ఏ ఆకారంలో చెక్కారన్నదీ వినిపిస్తుంది. అది ఎన్ని వేసవులు ఎక్కడ గడిపిందన్నది మాత్రం అరుదుగా వినిపిస్తుంది. కార్ట్రిడ్జ్‌ల గురించి రాసినదంతా డెన్మార్క్, జపాన్, అమెరికా గదుల్లో కూర్చుని రాసింది. ఆ గదుల్లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉండదు. కృష్ణ ఒడ్డున ఇదే అభిరుచి పట్టుకున్నవాళ్లు ఆ రాతల్ని ఉన్నదున్నట్టు నమ్మితే నష్టపోతారు.

కార్ట్రిడ్జ్ చేసే పని ఒక్క మాటలో చెప్పవచ్చు: గాడిలో సూది కదలికను కరెంటుగా మార్చడం. ఆ మార్చే పద్ధతిలోనే తేడాలన్నీ ఉన్నాయి. స్ఫటికాన్ని వంచి కరెంటు పుట్టించడం ఒక పద్ధతి. తీగచుట్టల మధ్య అయస్కాంతాన్ని కదపడం (మూవింగ్ మాగ్నెట్) ఇంకొకటి, అయస్కాంతం దగ్గర తీగచుట్టనే కదపడం (మూవింగ్ కాయిల్) మరొకటి. మొదటిది తెలుగు ఊళ్లన్నిటికీ చిరపరిచితం, పేరు తెలియకపోయినా.

పెళ్లి పందిట్లో, శ్రీరామనవమి చలువ పందిట్లో, ఎన్నికల రిక్షా మీద ఒకప్పుడు పాట వినిపించింది మైకు సెట్టు వాళ్ల ప్లేయర్ల నుంచి. వాటిలో ఎక్కువగా ఉండేవి స్ఫటిక కార్ట్రిడ్జ్‌లో, వాటి తర్వాత వచ్చిన సిరామిక్ కార్ట్రిడ్జ్‌లో. అందుకు కారణం సులువు. అయస్కాంత కార్ట్రిడ్జ్ సాధారణంగా ఇచ్చేది మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు, దాన్ని పెంచి సరిదిద్దడానికి వేరే సర్క్యూట్ కావాలి. స్ఫటికం మాత్రం అర వోల్టు, ఒక్కోసారి అంతకు మించి ఇస్తుంది. నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలిస్తే చాలు, తాటిచెట్టుకు కట్టిన హారన్ నుంచి పక్క ఊరి దాకా పాట వెళ్లేది. సూది మీద బరువు అయిదారు గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గతుకుల రోడ్డు మీద రిక్షా ఊగినా సూది గాడి దాటకూడదు కదా! అంత బరువుకు ప్లేట్లు అరిగిపోయేవి. అరిగిన ప్లేటు స్థానంలో మరొకటి కొనేవారు. అది వ్యాపారం, సంగీతారాధన కాదు.

ఆ స్ఫటికం రోషెల్ లవణం. రసాయనశాస్త్రం ప్రకారం సోడియం పొటాషియం టార్ట్రేట్. ఫ్రాన్సులోని లా రోషెల్ ఊరి పేరు మీద ఆ పేరు వచ్చింది. స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు గమనించినప్పుడు పరీక్షించిన పదార్థాల్లో ఇదీ ఒకటి. పుట్టించే కరెంటు ఎక్కువ, ధర తక్కువ. దీని బలహీనత మాత్రం ఉప్పుకు ఉండే బలహీనతే. గాలిలో తేమ మరీ ఎక్కువైతే కరగడం మొదలవుతుంది. గాలి మరీ పొడిగా ఉంటే తనలోని నీటిని వదిలేసి పిండి పిండి అవుతుంది. 55 డిగ్రీల దగ్గరికి వస్తే స్ఫటికమే నాశనమవుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మూసి ఉన్న చెక్కపెట్టెలో ఆ వేడి పుట్టడం ఏమంత కష్టం కాదు. ఆ తర్వాత జులై, ఆగస్టు నెలల తడిగాలి వస్తుంది. ఒకే సంవత్సరంలో రెండు శిక్షలూ పడే చోట రోషెల్ లవణం ముప్పై, నలభై ఏళ్లు బతికిందంటే వింతే.

పాత సామాన్ల కొట్లో దొరికిన స్ఫటిక కార్ట్రిడ్జ్ ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు వినిపిస్తే, అది పాతకాలపు మధురమైన గొంతు అనుకోవడం పొరపాటు. స్ఫటికం తేమ పట్టి చచ్చిపోతున్న చప్పుడు అది. పాత ధ్వని అంటే ఇలాగే ఉండేదని కొందరు నమ్ముతారు. 1960లో కొత్తగా ఉన్నప్పుడు ఆ కార్ట్రిడ్జ్ అలా పాడలేదు.

ఈ బాధ తప్పించడానికే సిరామిక్ వచ్చింది. బేరియం టైటనేట్, ఆ తర్వాత సీసం కలిసిన జిర్కొనేట్ టైటనేట్ వంటి పదార్థాలకు తేమంటే లెక్క లేదు. మన ఎండ కూడా వాటిని ఏమీ చేయలేదు. ఇచ్చే కరెంటు కాస్త తక్కువ, ఆయుష్షు చాలా ఎక్కువ. ఇళ్లలోకి వచ్చిన చిన్న పెట్టె ప్లేయర్లలో, హెచ్‌ఎంవీ ఫియెస్టా తరహా వాటిలో, ఇవే ఉండేవి. అందుకే ఇంటి అటకమీద దొరికే పాత ప్లేయరు, దుమ్ము దులిపి సూది మారిస్తే ఇప్పటికీ పాడే అవకాశం ఉంది. ఈ కార్ట్రిడ్జ్‌లకు చాలావరకు ఒక చిన్న మీట ఉంటుంది. అటు తిప్పితే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల సూది, ఇటు తిప్పితే నెమ్మదిగా తిరిగే ఎల్‌పీ ప్లేట్ల సూది. కొంటె పిల్లలు తిప్పిన మీటను ఎవరూ చూసుకోక, ఎల్‌పీ గాడిలో 78 సూది ఏళ్ల తరబడి దున్నిన ఇళ్లు లేకపోలేదు. 78 సూది మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు, మోనో ఎల్‌పీకి 25, స్టీరియోకు 18. పారతో బొట్టు పెట్టినట్టన్నమాట. పాత ఎల్‌పీ కొనేటప్పుడు అది ఎలాంటి ప్లేయరు మీద ఆడిందని అడగడం అందుకే అవసరం, జవాబు దొరకకపోయినా.

సేకరణ అనే మాటకు అసలు అర్థం వచ్చేది అయస్కాంత కార్ట్రిడ్జ్‌ల దగ్గర. స్టీరియో ఎల్‌పీలు 1958లో మార్కెట్లోకి వచ్చాయి. అప్పటినుంచి పాతికేళ్లు ఈ చిన్న వస్తువుకు స్వర్ణయుగం. డెన్మార్క్‌లో ఆర్టోఫాన్ 1959లో ఎస్‌పీయూ అనే కార్ట్రిడ్జ్ తెచ్చింది. అమెరికాలో షూర్ 1964లో వీ15 తెచ్చి, 1973లో దాని మూడో రూపాన్ని విడుదల చేసింది. జపాన్‌లో డెనాన్ ఆ దేశపు ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల తొలి ఏళ్లలోనే డీఎల్-103 తయారుచేసింది. వీటిలో ఎస్‌పీయూ, డీఎల్-103 ఇంకా తయారవుతూనే ఉన్నాయి. షూర్ మాత్రం 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీనే మానేసింది. ఆ ప్రకటనతో పాత షూర్ కార్ట్రిడ్జ్‌లు ఒక్కసారిగా అపురూపమైపోయాయి. ఉన్న గుణమే ఉంది, గిరాకీ మారింది.

డబ్బా తెరవని పాత సరుకు కోసం పోటీ పడడం అప్పటినుంచి మరీ ఎక్కువైంది. యాభై ఏళ్ల కిందటి డబ్బా, సీలు విప్పలేదు, సూది ఒక్క పాటైనా పాడలేదు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే సూదికి ఉన్న వజ్రం వయసు లెక్కలోకే రాదు, అది భూమిలోనే కోట్ల ఏళ్లు ఉంది. అరిగేది వాడకం వల్లే. మంచి వజ్రం అయిదారు వందల గంటల నుంచి వెయ్యి గంటల దాకా వస్తుంది. వాడినా వాడకున్నా వయసు మీదపడేది రబ్బరుకు. సూదిని మోసే సన్నని లోహపు కడ్డీ, కాంటిలివర్, వెనక చివర చిన్న రబ్బరు ఉంగరంలో కూర్చుంటుంది. సూది ఎంత తేలిగ్గా కదలాలి, కదిలాక ఎంత త్వరగా నిలవాలి అన్నది తేల్చేది ఆ రబ్బరే. అది ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, లేదంటే మెత్తబడి తారులా జారుతుంది. రెంటికీ వేడి తోడైతే ఆ పని తొందరగా జరుగుతుంది. వాడిన రబ్బరు, వాడని రబ్బరు అన్న తేడా ఇక్కడ పెద్దగా లేదు.

గుంటూరు మిర్చి రైతుకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. కోసి బస్తాల్లో పోసిన కాయ వాడకపోయినా రంగు పోతుంది, అందుకే కోల్డ్ స్టోరేజీకి తోలుతారు. కార్ట్రిడ్జ్ సేకరించేవాళ్లు మాత్రం మూడో అంతస్తు మీది గదిలో, పడమటి గోడకు ఆనించిన బీరువాలో డబ్బాలు పేర్చి, సీలు విప్పలేదు కాబట్టి కొత్తవే అనుకుంటారు.

కాబట్టి పాత కార్ట్రిడ్జ్‌లో నిజంగా విలువైనది దాని ఒళ్లు. తీగచుట్టలు, ధ్రువాలు, వాటిని పట్టే పెట్టె. మూవింగ్ మాగ్నెట్ రకంలో సూది, కాంటిలివర్, రబ్బరు, అయస్కాంతం కలిపి ఒకే ముక్కగా ఊడి వస్తాయి. కొత్తది తగిలించవచ్చు. జపాన్‌లోని హ్యోగో ప్రాంతంలో జికో అనే సంస్థ పాత షూర్ ఒళ్లకు ఇప్పటికీ కొత్త సూదులు చేస్తోంది. ఆ సంస్థ 1873లో మొదలైంది కుట్టు సూదులతో. ఈ కథలో ముచ్చటైన సంగతి ఏదైనా ఉంటే ఇదే. ఒంటి ఆరోగ్యం తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. మల్టీమీటర్‌తో రెండు చానళ్ల నిరోధం కొలిస్తే, ఈ రకంలో కొన్ని వందల ఓముల నుంచి వెయ్యి పైచిలుకు దాకా చూపించాలి, రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకవైపు ఏమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టు. తల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ తేమకు చిలుం పట్టి తెగుతుంది, సముద్రపు గాలి తగిలే బందరు, బాపట్ల వైపు నుంచి వచ్చిన వస్తువుల్లో ముఖ్యంగా చూసుకోవాలి. మూవింగ్ కాయిల్ రకానికి మాత్రం మల్టీమీటర్ తగిలించకపోవడమే మంచిదంటారు. దాని తీగచుట్ట మరీ నాజూకు, సూది మార్చే వీలు కూడా ఉండదు, మొత్తం తయారీదారుకు పంపి బాగు చేయించుకోవాల్సిందే. రబ్బరు పోయిన మూవింగ్ కాయిల్ అంటే చాలావరకు అలంకారమే.

ఫలానా కార్ట్రిడ్జ్ గొంతు ఇలా ఉంటుందని నిర్ధారణగా చెప్పేవాళ్లు చాలామంది. దానికి తగిలించిన తీగ గురించి చెప్పేవాళ్లు తక్కువ. వీ15 మూడో రకాన్నే చూడండి. దాని తీగచుట్ట ఇండక్టెన్స్ 500 మిల్లీహెన్రీలు. 47 కిలోఓముల లోడుతో పాటు 400 నుంచి 500 పికోఫారడ్ల కెపాసిటెన్స్ కావాలని షూర్ చెప్పింది. ఆ రోజుల్లో ప్లేయరు లోపలి తీగలు, పొడవాటి కేబుళ్లు, యాంప్లిఫయర్ అన్నీ కలిస్తే అంత వచ్చేది. 450 పికోఫారడ్లు అనుకుంటే విద్యుత్ అనునాదం, అంటే ఆ సర్క్యూట్ అన్నిటికన్నా గట్టిగా స్పందించే చోటు, సుమారు 10,600 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇప్పటి పొట్టి కేబుళ్లు, కొత్త ఫోనో సర్క్యూట్లతో మొత్తం 150 దగ్గర ఆగిపోతే అది సుమారు 18,400కి చేరుతుంది. సూది యాంత్రిక అనునాదంతో ఈ విద్యుత్ అనునాదం సరిపోయేలా తయారుచేసిన వస్తువు అది. రెంటిలో ఒకటి పక్కకు తప్పుకుంటే పై స్వరాల తీరే మారిపోతుంది. అదే కార్ట్రిడ్జ్‌ను ఒక ఇంట్లో విన్నవాళ్లు మబ్బుగా ఉందంటారు, ఇంకో ఇంట్లో విన్నవాళ్లు గరుకుగా ఉందంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరూ కార్ట్రిడ్జ్ గురించి మాట్లాడడమూ లేదు. ఈ తగువుకు మందు ఖర్చైనది కాదు. సరిపడిన చిన్న కెపాసిటర్‌ను అతికే పని రేడియో రిపేరు తెలిసిన ఎవరైనా చేయగలరు.

ఇంతకీ ఈ కార్ట్రిడ్జ్‌తో వినేది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. అభిరుచి ఉన్నవాళ్ల దగ్గర విదేశీ జాజ్ ఎల్‌పీలు కొన్ని ఉంటే ఉండవచ్చు, అయినా విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఉన్న సంపద తెలుగు ప్లేట్లు. మద్రాసులో పాడిన పాట కలకత్తాకు పోయి, డమ్‌డమ్‌లోని హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో ప్లేటుగా అచ్చయి, మళ్లీ ఇక్కడికి వచ్చేది. ప్రపంచం 78 ప్లేట్లను వదిలేస్తున్న కాలంలోనూ ఇక్కడ అవి 1960ల చివరిదాకా అచ్చవుతూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు కూడా భారతదేశంలో 78 ప్లేట్ల మీద వచ్చాయంటే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. నాటక పద్యాలకు ఆ ప్లేటు అచ్చంగా సరిపోయింది. తెనాలి, బాపట్ల, గుంటూరు వైపు రంగస్థలం మీద పద్యం చివర రాగం ఎంతసేపు తీసినా ఒన్స్ మోర్ అని అరిచేవారు. ప్లేటు మీద మాత్రం ఒక వైపు మూడు నిమిషాలే, నటుడు అంతలోనే పద్యం ముగించాలి. ఆ తర్వాత 45 తిరుగుళ్ల చిన్న ప్లేట్లు వచ్చాయి, సినిమా పాటలు నాలుగు చొప్పున. ఎల్‌పీలూ వచ్చాయి. 1970ల చివరిదాకా వీటిలో ఎక్కువ భాగం మోనోయే.

మోనో గాడిలో సూది అటూ ఇటూ మాత్రమే కదలాలి. పైకీ కిందకీ జరిగే కదలికలో సంగీతం లేదు. అక్కడ ఉండేది దుమ్ము, గీతలు, ప్లేటు వంపు. స్టీరియో కార్ట్రిడ్జ్ అమాయకంగా అదీ చదివి వినిపిస్తుంది. రెండు చానళ్లను కలిపితే, అంటే యాంప్లిఫయర్‌లో మోనో మీట నొక్కితే, నిలువు కదలిక ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది, చిటపట చాలావరకు తగ్గుతుంది. చాలా కొత్త యాంప్లిఫయర్లలో ఆ మీట తీసేశారు. దానికి బదులు రెండు చానళ్ల తీగలను కలిపే చిన్న ఏర్పాటు చేసుకోవచ్చు, లేదా అసలైన మోనో కార్ట్రిడ్జ్ వాడవచ్చు. నిలువుగా కదలని 1950ల నాటి మోనో కార్ట్రిడ్జ్‌లతో మాత్రం జాగ్రత్త. వాటిని స్టీరియో ప్లేటు మీద పెడితే గాడి గోడలు చెక్కుకుపోతాయి.

ఈ ప్లేట్ల గాడులు బరువైన గుండ్రని సూదులతో ఏళ్లపాటు నలిగినవి. గోడ మీద ఒక ఎత్తు దగ్గర దారి పడి ఉంటుంది, ఊరి చెరువు గట్టు మీద కాలిబాటలా. కొత్త సూది ఆ దారికి పైనో కిందనో తగిలితే అరగని గోడ దొరుకుతుంది, ఇరవై ఏళ్లు వినిపించని తంబుర శ్రుతి ఒక్కసారిగా వినిపిస్తుంది. అరిగిన మోనో ప్లేటు 25 మైక్రాన్ల మొనతో గొంతు పోయినట్టుంటే 18 మైక్రాన్ల మొనతో బాగుండవచ్చు, ఒక్కోసారి అందుకు వ్యతిరేకం. 78 ప్లేట్ల విషయంలో ఇది మరీ నిజం. ఆ లక్క ప్లేట్ల పదార్థంలోనే రాపిడి పొడి కలిపేవారు, ఉక్కు సూదిని గాడి ఆకారానికి అరగదీయడానికి. అందుకే వైపు వైపుకూ సూది మార్చాలని నియమం. ఆ నియమం పాటించని ఇళ్ల ప్లేట్లకు ఒకే మొన సరిపోదు. నాలుగైదు పరిమాణాల సూదులు దగ్గర పెట్టుకుని ఒక్కో ప్లేటుకు ఒక్కోటి ప్రయత్నించడమే మార్గం. సేకరణకు ఇంతకన్నా మంచి సమర్థన లేదు. డ్రాయరులో పది కార్ట్రిడ్జ్‌లు ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే ఇచ్చుకోదగ్గ జవాబు కూడా ఇదొక్కటే.

సన్నని మొన ఎక్కడ అవసరమో కూడా చెప్పుకోవాలి. ఎల్‌పీ అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో సూది కింద పరుగెడుతుంది. మధ్యకు వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అక్కడ 10,000 హెర్ట్జ్ ధ్వని తరంగం గాడిలో 21 మైక్రాన్ల పొడవే ఉంటుంది. 18 మైక్రాన్ల గుండ్రని మొన అంత ఇరుకు వంపులోకి దూరలేదు, పైపైన దాటేస్తుంది. అందుకే ఎల్‌పీ వైపు చివరి పాటలో శ, ష, స అక్షరాలు చీరుకుపోతాయి. నాదస్వరం మీద కూడా అదే దెబ్బ. దీనికి విరుగుడుగా అండాకారపు మొనలు వచ్చాయి. 1970ల మొదట్లో జపాన్‌లో నాలుగు చానళ్ల ప్లేట్ల కోసం షిబాటా మొన వచ్చింది. అది గాడి గోడను నిలువునా పొడవైన గీతగా తాకుతుంది. బాగున్న ఎల్‌పీకి అది వరం. బాగా నలిగిన ఎల్‌పీకి శాపం, గోడ మీద ఉన్న ప్రతి గాయాన్నీ విప్పి చెబుతుంది. తెలుగు ప్లేట్ల సేకరణలో బాగున్నవి ఎన్ని, నలిగినవి ఎన్ని అని నిజాయతీగా లెక్కవేసుకున్నవాళ్లు మధ్యరకం గుండ్రని మొన దగ్గరే ఆగుతారు. షూర్ ఎం44 లాంటి, పేరుప్రతిష్ఠలు తక్కువ ఉన్న కార్ట్రిడ్జ్ ఇక్కడ వీ15 కన్నా అక్కరకొస్తుంది. గట్టిది, రెండు మూడు గ్రాముల బరువుకు వెరవదు, 78 ప్లేట్లకు వేరే సూది కూడా దానికి దొరుకుతుంది.

వంపు సంగతి మిగిలింది. ఎండకు వంగి అప్పడంలా లేచిన ప్లేట్లు ఇక్కడి ప్రతి సేకరణలోనూ ఉంటాయి. ఆ వంపులు సూదిని సెకనుకు రెండు నుంచి ఆరు సార్లు ఊపుతాయి. చేయి, కార్ట్రిడ్జ్ కలిసిన బరువు 16 గ్రాములై, రబ్బరు మెత్తదనం 25 యూనిట్లయితే వాటి అనునాదం 8 హెర్ట్జ్, అంటే వంపుల ఊపుకు పైన ఉంది, ప్రమాదం లేదు. అదే కార్ట్రిడ్జ్‌ను బరువైన పాతకాలపు చేతికి తగిలించి మొత్తం 31 గ్రాములు చేస్తే 5.7కి దిగుతుంది. ప్రతి వంపు దగ్గరా చేయి ఊగుతుంది, స్పీకరు కోను గాలికి తెరలా లోపలికీ బయటికీ ఆడుతుంది. వేడికి రబ్బరు ఇంకా మెత్తబడుతుంది కాబట్టి మే నెలలో అంకె మరికొంత జారుతుంది. జనవరిలో చక్కగా ఉన్న ప్లేయరు మే నెలలో గాడి తప్పుతోందంటే దెయ్యం పట్టలేదు, రుతువు మారింది. గట్టి రబ్బరు ఉన్న డీఎల్-103 లాంటివి బరువైన చేతిని కోరుకుంటాయి, వంపులకు అంతగా చలించవు. రెండున్నర గ్రాముల బరువుతో అవి గాడిని అంటిపెట్టుకుని ఉంటాయి.

పోల్చి వినడంలో మోసపోవడం తేలిక. షూర్ ఎం44-7 ఇచ్చేది 9.5 మిల్లీవోల్టులు, వీ15 మూడో రకం ఇచ్చేది 3.5. వాల్యూమ్ ముట్టుకోకుండా ఒకటి తీసి ఒకటి పెడితే మొదటిది గట్టిగా వినిపిస్తుంది, గట్టిగా వినిపించేది బాగున్నట్టు అనిపిస్తుంది. ఒకే ప్లేటు, ఒకే పాట, సమానం చేసిన వాల్యూమ్, ఏది తగిలించారో వినేవాళ్లకు తెలియకుండా ఉండడం, ఇవన్నీ పాటిస్తే పెద్ద పేర్లలో సగం పడిపోతాయి. అయినా ఇలా పరీక్షించేవాళ్లు తక్కువ. డబ్బు పోసి కొన్నవాళ్లకు ఫలితం ముందే తెలిసి ఉంటుంది.

దాచుకునే పద్ధతిలో రెండే జాగ్రత్తలు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో, బయటి గోడకు దూరంగా, కింది అరలో పెట్టాలి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయాలి, రోషెల్ స్ఫటికం ఉన్నవాటికి మాత్రం వద్దు, వాటికి పొడిదనమూ శత్రువే. ఫ్రిజ్‌లో పెట్టడం తెలివి అనుకునేవాళ్లున్నారు. బయటికి తీసిన క్షణంలో లోపల పట్టే చెమ్మ రాగి తీగకు చాలు. ఇక వేసవిలో వినాలంటే, ఏసీ లేని ఇంట్లో, తెల్లవారుజాము అయిదు గంటలకు వినాలి. అప్పటికి గది ముప్పై డిగ్రీలకు దిగుతుంది, రబ్బరు తయారైన రోజున దాన్ని కొలిచిన వేడికి కాస్త దగ్గరగా వస్తుంది. కరెంటు కోత కూడా సాధారణంగా ఆ వేళ ఉండదు.